బైబిలునందలి మృతోజ్జీవన కథలు - శోకమున అపేక్షకు తావు

శోకము స్థాయిగా గలది కరుణము. రతి స్థాయిగా గలది విప్రలంభ శృంగారము. ఈ రెంటియందును కన్నీరు, నిట్టూర్పు, వైవర్ణ్యము మున్నగు అనుభావములు చాలవరకు సమానములు. బాహ్యచిహ్నములను మాత్రము చూచువానికి రెంటికిని భేదము తోపదు. భరతముని నాట్యశాస్త్రమునందు ఈ భేదమును అపేక్షపై నిలిపినాడు. పోయినవారు మరల లభింతురను అపేక్ష లేనిచో అది కరుణము, ఉన్నచో విప్రలంభము. అనగా ఆశ యనునది శోకమునకు పైపూత కాదు, రసమునే మార్చగల మూలధర్మమని మన పూర్వులు గుర్తించిరి.

ఈ సూత్రమునకు కఠినమైన పరీక్ష మరణము. నాయికానాయకులలో ఒకరు మరణించి, ఆ దేహముతోనే మరల లభింపవలసియున్నపుడు కలుగు దశకు సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు కరుణవిప్రలంభమని పేరిడి, బాణుని కాదంబరినుండి మహాశ్వేతా పుండరీకుల వృత్తాంతమును ఉదాహరించినాడు. పుండరీకుడు మరణింపగా మహాశ్వేతకు మొదట కలిగినది శోకమే. పునస్సమాగమము కలుగునని దివ్యవాక్యము వినబడిన పిమ్మటనే ఆ శోకమున రతికి మరల చోటు కలిగినది. ఐతే ఈ లక్షణము ప్రణయబద్ధులైన వారికే చెల్లును. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని, సోదరుని పోగొట్టుకొన్న అక్కచెల్లెండ్రకును ఇందు తావు లేదు. వారి శోకమున అపేక్ష పుట్టినచో దాని స్వరూప మెట్టిది? బైబిలునందలి మృతోజ్జీవన కథలు ఈ ప్రశ్నకు తగిన సామగ్రి నొసగుచున్నవి. ఆ కథలయందు ఆశ యెచ్చట నున్నదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

మరణించినవారు మరల బ్రదికిన కథలు బైబిలున ముఖ్యముగా ఎనిమిది. పాతనిబంధనలో మూడు: ఏలీయా సారెపతు విధవరాలి కుమారుని బ్రదికించుట, ఎలీషా షూనేమీయురాలి కుమారుని బ్రదికించుట, ఎలీషా మరణానంతరము అతని ఎముకలు సోకి ఒక మృతుడు లేచుట. సువార్తలలో మూడు: యాయీరు కుమార్తె, నాయీను విధవరాలి కుమారుడు, బేతనియ గ్రామవాసియైన లాజరు. అపొస్తలుల కార్యములలో రెండు: యొప్పేలో తబితా, త్రోయలో ఐతుకు. మత్తయి సువార్త 27వ అధ్యాయమున సమాధులు తెరవబడి పలువురు లేచినట్లు చెప్పబడినను అది వ్యక్తుల కథగా పెరుగలేదు. యెహెజ్కేలు దర్శించిన ఎండిన ఎముకలు ప్రవాసమున నున్న జాతికి ప్రతీకలు. కావున ఆ రెండును ఇచ్చట చేరవు. యేసుక్రీస్తు పునరుత్థానము వేఱొక కోటికి చెందినది. క్రైస్తవ విశ్వాసము ననుసరించి ఆయన మరల మరణింపడు. ఈ యెనిమిదిమందియు మరల మరణింపవలసినవారే.

ఇచ్చట పూర్వపక్షమొకటి బయలుదేరును. మరల మరణింపవలసినవారికి కొన్ని యేండ్ల గడువు దొరకుటలో ఆశ యేమున్నది? ఈ కథలు ప్రవక్తల మహిమను చాటుటకు చెప్పబడిన అద్భుతవృత్తాంతములే కాని శోకార్తులకు వీనివలన ఉపకారమేమి? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. ఆంగ్లికన్ సంప్రదాయపు భూస్థాపన క్రమము లాజరు కథ గల యోహాను సువార్త 11వ అధ్యాయపు వాక్యములతోనే ఆరంభమగును. ఆ వాక్యములు చదువబడు చోట తెరచిన గోతిలోనికి దింపబడు దేహము లేవదని అచ్చట నిలిచిన వారందరును ఎరుగుదురు. అట్టివారికి లాజరు కథ ఆశను కలిగించునా, లేక పరిహాసమగునా? కథలనే పరిశీలించి సమాధానము వెదకవలెను.

మొదటిది సారెపతు కథ. ఇది రాజుల మొదటి గ్రంథమున 17వ అధ్యాయమున నున్నది. సారెపతు సీదోను దేశమునందలి ఊరు. ఆ విధవరాలు ఇశ్రాయేలీయురాలు కాదు. కరవుకాలమున పిడికెడు పిండియు కొంచెము నూనెయు మిగిలిన ఇంట ఏలీయాకు అన్నము పెట్టినది. పిండి తఱుగలేదు, నూనె తగ్గలేదు. అంతలో కుమారుడు జబ్బుపడి ఊపిరి విడిచినాడు. ఆ తల్లి ప్రవక్తను ప్రార్థింపలేదు, నిందించినది. తన పాపమును జ్ఞాపకముచేసి బిడ్డను చంపుటకే వచ్చితివా యని అడిగినది. ప్రవక్తయు ఆ నిందను ఖండింపక, బిడ్డను తల్లి కౌగిటినుండి తీసికొని, మేడగదికి పోయి, తాను దేవుని నిందించినాడు. తల్లి నింద ప్రవక్త నోట ప్రార్థనయైనది. బిడ్డకు ప్రాణము రాగా అతనిని క్రిందికి తెచ్చి తల్లికి అప్పగించినాడు. తీసికొన్నది ఆమె ఒడినుండి. చేర్చినది ఆమె ఒడికే. కథకు ఆద్యంతములు ఈ రెండు క్రియలే.

రెండవది షూనేము కథ. రాజుల రెండవ గ్రంథమున 4వ అధ్యాయమున నున్న ఈ కథ శిల్పదృష్టితో ఎనిమిదింటిలో ఉత్తమమైనదని నా యభిప్రాయము. సంపన్నురాలైన ఆ గృహిణి ఎలీషాకు మేడపై గది కట్టించి మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చినది. కుమారుడు కలుగునని ప్రవక్త చెప్పినపుడు తన్ను మభ్యపెట్టవలదని వేడినది. ఆ కుమారుడు పెరిగి, కోతకాలమున తండ్రియొద్దకు పోయి, తలనొప్పితో ఇంటికి తేబడి, మధ్యాహ్నమువరకు తల్లి తొడపై నుండి మరణించినాడు. అప్పుడామె చేసిన పని గమనింపదగినది. ఏడ్చినట్లు కథకుడు చెప్పలేదు. భూస్థాపనకు ఏర్పాటు చేసినట్లు చెప్పలేదు. ఆమె బిడ్డను ప్రవక్త మంచముపై పరుండబెట్టి, తలుపు వేసి, గాడిదను కట్టించుకొని కర్మెలు కొండకు బయలుదేరినది. అమావాస్యయు విశ్రాంతిదినమును కాదు గదా, ఇప్పుడేల పోయెదవని భర్త అడుగగా, క్షేమమను అర్థము గల ఒక్క హీబ్రూ మాటతో సమాధానమిచ్చినది. ఎదురువచ్చిన గేహజీకిని అదే మాట. ఆ మాట అబద్ధము కాదు, నిజమును కాదు; అది అపేక్ష పలికిన పలుకు. మహాశ్వేతకు దివ్యవాణి ముందుగా వినబడినది. షూనేమీయురాలికి ఏ వాణియు వినబడలేదు. బిడ్డ బ్రదుకునని ఆమెతో ఎవ్వరును చెప్పలేదు. ఇచ్చినవానిని అడుగుట తన హక్కని మాత్రమే ఆమె ఎరుగును. కావుననే ఎలీషా పాదములు పట్టుకొని, కుమారుని కావలెనని నేనడిగితినా యని ప్రశ్నించినది.

పిదప కథకుడు అద్భుతమును సులభము చేయలేదు. గేహజీ ముందుగా పోయి ప్రవక్త చేతికఱ్ఱను బాలుని మొగముపై పెట్టినాడు, ఫలము లేకపోయెను. ఎలీషా స్వయముగా వచ్చి, బాలునిపై పరుండి, నోటికి నోరు, కంటికి కన్ను, చేతికి చేయి చేర్చినాడు. దేహము వెచ్చబడినది కాని బాలుడు లేవలేదు. ప్రవక్త దిగి, ఇంటిలో ఇటునటు తిరిగి, మరల బాలునిపై వంగినాడు. అప్పుడు ఏడుమార్లు తుమ్మి బాలుడు కన్నులు తెరచినాడు. ఈ తిరుగాటమును, ఈ తుమ్ములను ప్రవక్త మహిమను చాటుటకే పూనుకొన్న కథకుడు చేర్చియుండడు. మహిమకు ఇవి అడ్డు. శోకమున నున్న ఇంటి వాస్తవమునకు ఇవి అవసరము. అంతట ప్రవక్త తల్లిని పిలిచి కుమారుని తీసికొమ్మన్నాడు. ఇదియు అప్పగింతయే. ఈ కథ 8వ అధ్యాయమున మరల తలయెత్తును. ఏడేండ్ల కరవునకు దేశము విడిచిపోయిన ఆ తల్లి కుమారునితో తిరిగివచ్చి, తన యిల్లును పొలమును గూర్చి రాజునకు మొఱపెట్టుకొన్నది. ఆ సమయముననే గేహజీ బాలుడు బ్రదికిన వృత్తాంతమును రాజునకు చెప్పుచుండెను. రాజు ఆమె భూమిని, దాని పంటతోకూడ తిరిగి ఇప్పించినాడు. బ్రదికిన బాలుడు ఏమి చూచివచ్చెనో కథ చెప్పదు. తల్లియు కొడుకును తమ పొలమున మరల నిలిచిరని చెప్పును.

ఇట్టి కథలు మనకు క్రొత్తవి కావు. నన్నయ ఆదిపర్వమున రురుడు తన యాయువున సగమిచ్చి ప్రమద్వరను బ్రదికించుకొన్నాడు. ఎఱ్ఱన అరణ్యపర్వశేషమున సావిత్రి యముని వెంబడించి, ధర్మయుక్తములైన పలుకులతో మెప్పించి, సత్యవంతుని మరల పొందినది. గ్రీకుల వాఙ్మయమున క్రీ. పూ. 438లో ప్రదర్శింపబడిన యూరిపిడీసు నాటకమున హెరాక్లీసు మృత్యువుతో పెనగి ఆల్సెస్టిసును భర్తకు తెచ్చియిచ్చెను. ఇవి మూడును దాంపత్యకథలు, లేదా దాంపత్యమునకు సిద్ధమైన వారి కథలు. మూడింటను మృత్యువుతో బేరమో, వాదమో, పెనుగులాటయో కలదు. బైబిలు కథలు ఎనిమిదింటిలో భర్తను భార్యకో, భార్యను భర్తకో తిరిగి యిచ్చినట్లు చెప్పిన కథ ఒక్కటియు లేదు. యమునివంటి పాత్ర అసలే లేదు. అందలి వాదము మృత్యువుతో కాదు, జీవమిచ్చినవానితో. పోతన భాగవతమున సాందీపని కుమారుడు తల్లిదండ్రులకు దక్కెను గాని అచ్చట కథాదృష్టి శిష్యుని గురుదక్షిణపై నిలుచును. సారెపతు, షూనేము కథలలో దృష్టి తల్లిపైనుండి కదలదు.

సువార్తలలోని కథలు ఈ సంప్రదాయమును ఎఱిగి చెప్పబడినవే. లూకా సువార్త 7వ అధ్యాయమున నాయీను ఊరి గవినియొద్ద ఒక పాడె ఎదురగును. మృతుడు విధవరాలికి ఏకైక కుమారుడు. అడిగినవారు లేరు, ఆ తల్లి నోరు మెదపలేదు. యేసు ఆమెను చూచి కనికరించి పాడెను తాకినాడు. బాలుడు లేవగా అతనిని తల్లికి ఇచ్చినాడని చెప్పు లూకా గ్రీకు వాక్యము, సెప్టువజింటు అను ప్రాచీన గ్రీకు అనువాదమున సారెపతు కథ చివర నున్న వాక్యమే. మాటలు మారలేదు. నాయీను మోరె కొండకు ఉత్తరమున, షూనేము దానికి దక్షిణపుదిక్కున నుండుటయు గమనింపదగినది. లూకా కేవలము ఒక అద్భుతమును చెప్పుట లేదు; అప్పగింతను జ్ఞాపకము చేయుచున్నాడు.

మార్కు సువార్త 5వ అధ్యాయమున పండ్రెండేండ్ల యాయీరు కుమార్తె కథ మరింత గృహసంబంధి. తండ్రి వచ్చి వేడుకొనుచుండగా, పండ్రెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడిన యొక స్త్రీ నడుమ అడ్డుపడుటచే ఆలస్యమైనది. అంతలో బిడ్డ మరణవార్త వచ్చినది. ఇంట ఏడ్చుచున్నవారు యేసు మాటకు నవ్విరి. ఆయన తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రము లోనికి తీసికొనిపోయి బాలికను పిలిచిన రెండు అరామిక్ మాటలను గ్రీకు రచయిత అనువదించుటతో తృప్తిపడక మూలరూపమున నిలిపినాడు. తెల్లవారినపుడు బిడ్డను నిద్రలేపు తల్లి పలుకదగిన మాటలవి. బాలిక లేచి నడచినది. అందరును విస్మయమున నుండగా ఆయన, ఆమెకు తినుట కేమైన పెట్టుడని చెప్పినాడు. అద్భుతరసము పతాకస్థాయి నందుకొన్న చోట అన్నము ప్రస్తావింపబడినది. ఆ మాటతో బిడ్డ అద్భుతవస్తువు కాక ఆకలిగొన్న కూతురైనది.

లాజరు కథ వీనియన్నింటికంటె పెద్దది, కఠినమైనది. జబ్బువార్త చేరినను యేసు రెండు దినములు కదలలేదు. వచ్చునప్పటికి సమాధిచేసి నాలుగు దినములైనది. మార్తయు మరియయు వేఱువేఱుగా వచ్చి, నీవిచ్చట ఉండినచో మా సోదరుడు చావకుండునని ఒకే మాట పలికిరి. అది విశ్వాసమో, నిష్ఠూరమో విడదీయుట సాధ్యము కాదు. సాపేక్షశోకమున ఆ రెండును ఒక్కటియే. ఇక గమనింపవలసినది యేసు కన్నీరు. లాజరును లేపుటకు పోవుచున్నానని ముందే శిష్యులకు చెప్పియున్నాడు. ఫలమును నిశ్చయముగా ఎఱిగినవాడు ఏల ఏడ్వవలెను? అపేక్ష శోకమును తుడిచివేయదని ఈ కథ సిద్ధాంతము. మరణించినవాడు తిరిగివచ్చినను మరణము మరణమే. ఆ నాలుగు దినముల దుఃఖము దుఃఖమే. దుర్వాసన వచ్చునని మార్త చెప్పిన మాటనుకూడ కథకుడు దాచలేదు. రాతిని తీయుట, కట్లు విప్పుట ఊరివారి చేతులకు విడువబడినవి. ఇచ్చట అప్పగింత సమాజమునకు జరిగినది.

లాజరు పలికినట్లు యోహాను ఒక్క మాటయు వ్రాయలేదు. ఈ మౌనము అర్వాచీన కవులను కలతపెట్టినది. టెన్నిసన్ 1850లో ప్రకటించిన స్మృతికావ్యమున ఆ నాలుగు దినములు లాజరు ఎచ్చట నుండెనను ప్రశ్న కలదు. బ్రౌనింగు 1855లో ఒక అరబ్బు వైద్యుని లేఖారూపమున, ఈలోకమునకు అతుకని లాజరును చిత్రించినాడు. రష్యను రచయిత లియొనీద్ ఆంద్రేయెవ్ 1906లో, చూచినవారి సంతోషమునెల్ల చంపు చూపు గల లాజరును సృష్టించినాడు. యూజీన్ ఓనీల్ నాటకమున లాజరు మృత్యువును చూచి నవ్వుచునే యుండును. ఈ నలువురును మౌనమును జ్ఞానముతోనో భయముతోనో పూరింపజూచిరి. సువార్తికునికి ఆ కుతూహలము లేదు. తరువాతి అధ్యాయమున లాజరు పంక్తిలో కూర్చుండి భుజించుచున్నాడు, మార్త వడ్డించుచున్నది. అదియే అతడు తెచ్చిన వార్త. దాస్తొయేవ్‌స్కీ ఈ సంగతిని మేలుగా గ్రహించినాడు. 1866లో వెలువడిన నేరము-శిక్ష నవలలో సోన్యా ఈ అధ్యాయమును రస్కోల్నికోవుకు చదివి వినిపించును. అచ్చట పరలోకపు రహస్యము చర్చకు రాదు; మనుష్యులనుండి తెగిపోయిన యొకడు మనుష్యులకు మరల అప్పగింపబడునా యన్నదే ప్రశ్న.

అపొస్తలుల కార్యములలో తబితా కథ ఈ లక్షణమునకే చెందును. మేడగదిలో ఆమె దేహముచుట్టు నిలిచిన విధవరాండ్రు, ఆమె తమకు కుట్టిన వస్త్రములను పేతురునకు చూపి ఏడ్చిరి. శోకమునకు ఇంతకంటె తగిన ఉద్దీపనవిభావము దుర్లభము. ఆమె లేచిన పిదప పేతురు ఆ విధవరాండ్రను పిలిచి ఆమెను వారికి అప్పగించినాడు. త్రోయలో మూడవ అంతస్తు కిటికీనుండి నిద్రమత్తున పడిన ఐతుకును సజీవునిగా తెచ్చి వారు మిక్కిలి ఆదరణ పొందిరి. ఇక మిగిలినది ఎలీషా ఎముకలు సోకి లేచిన మనుష్యుని కథ. అతనికి పేరు లేదు, ఏడ్చినవారు లేరు, అందుకొన్నవారు లేరు. దోపిడిగుంపును చూచి బెదరినవారు అతనిని సమాధిలో పడవైచిరి, అతడు లేచి నిలిచెను, కథ ముగిసెను. అద్భుతము పూర్ణము, ఆశ శూన్యము. ఈ యొక్క కథ తక్కిన యేడింటిని బోధపరచుచున్నది. మృతుడు లేచుట మాత్రమే ఆశకు హేతువైనచో ఇదియు వానితో సమానముగా మనలను తాకవలసినది. తాకదు. అడుగువారును అందుకొనువారును లేనిచోట లేచుట వింతయే కాని ఆశ కాదు.

ఇక పూర్వపక్షమునకు సమాధానము. తిరిగిరానివారిని బైబిలు మరువలేదు. దావీదు తన బిడ్డకై ఏడుదినములు ఉపవాసముండి నేలపై పడియుండినను బిడ్డ దక్కలేదు. అతడు లేచి, స్నానము చేసి, దేవాలయమునకు పోయి, ఇంటికి వచ్చి అన్నమడిగి తిన్నాడు. బిడ్డ తనయొద్దకు రాడనియు, తానే బిడ్డయొద్దకు పోవుదుననియు చెప్పినాడు. యాయీరు ఇంట బిడ్డ తినిన అన్నమును, దావీదు ఇంట తండ్రి తినిన అన్నమును ఒకే గ్రంథసముదాయమున నున్నవి. అపొస్తలుల కార్యములలో 7వ అధ్యాయమున స్తెఫను రాళ్ళతో చంపబడెను. భక్తులు అతనిని సమాధిచేసి మిక్కిలి ప్రలాపించిరి. 9వ అధ్యాయమున తబితా లేచెను. 12వ అధ్యాయమున యాకోబు కత్తిచేత చంపబడెను, అతడు లేవలేదు. ఏల ఒకరు, ఏల మరియొకరు కాదను ప్రశ్నకు రచయిత సమాధానము కల్పింపలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమున 35వ వచనము మృతులను మరల పొందిన స్త్రీలను పేర్కొని, ఆ వచనముననే యాతనలు పడి విడుదల పొందనివారిని పేర్కొనుచున్నది. ఇరువురును విశ్వాసులుగనే లెక్కింపబడిరి. లాజరును లేపుటయే యేసు మరణమునకు కుట్ర సాగుటకు కారణమైనది. లాజరునుకూడ చంపవలెనని ప్రధానయాజకులు ఆలోచించిరి. ఇట్టి గ్రంథము శోకార్తుని మభ్యపెట్టునని చెప్పుట న్యాయము కాదు.

కావున ఈ కథలు, నీ మృతుడును నేడు లేచునని ఎవ్వరికిని మాట యిచ్చుట లేదు. అవి ఇచ్చునది వేఱు. పోయిన బిడ్డను అడుగుట తల్లికి తగునని అవి చెప్పుచున్నవి. ఆ అడుగుట నిందారూపమున నున్నను త్రోసివేయబడదని చూపుచున్నవి. మరణించినవాడు ఎవరివాడో వారివాడుగనే నిలుచునని, ఆ బంధమును మరణము రద్దుచేయజాలదని అప్పగింతద్వారా నిరూపించుచున్నవి. భూస్థాపనవేళ లాజరు కథను వినువారికి లభించు ఆశ ఇదియే. దేహము గోతిలోనికి దిగుచున్నను, ఆ వాక్యములు వారి శోకమును నిరపేక్షము కానీయవు. మార్తవలె నిష్ఠూరమాడుటకును, యేసువలె ఏడ్చుటకును వారికి చోటిచ్చుచున్నవి.

భరతుని లక్షణము ప్రకారము సాపేక్షమైనది కరుణము కాజాలదు. విశ్వనాథుని లక్షణము ప్రకారము శృంగారము లేనిచోట విప్రలంభము కాజాలదు. విశ్వనాథుడు అంగీకరించిన వత్సలరసము తల్లుల కథలకు కొంత పొసగినను బేతనియకును యొప్పేకును పొసగదు. కనుక ఈ కథలను సాపేక్షకరుణమని వేఱుగా పేర్కొనుట సముచితమని తోచుచున్నది. శోకము స్థాయిగనే యుండును. అపేక్ష దానిని విడువదు. లక్ష్యము ననుసరించియే లక్షణము ఏర్పడునను న్యాయమునుబట్టి, ఇట్టి లక్ష్యములను పరిశీలించి మన కరుణరస విచారమును విస్తరించుకొనుట విమర్శకులకు కర్తవ్యము.